ఎండ మనది - కరంటు ఎవరిది?

వేములవాడ రాజన్న గుడికి వచ్చినవాళ్లు కోడె మొక్కు చెల్లించకుండా పోరు. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి, దండం పెట్టుకొని పోతారు. ఆ కోడెల్ని చూసినప్పుడల్లా నాకొక సంగతి గుర్తుకొస్తుంది. గుళ్లో కోడెలున్నాయి గాని చుట్టుపక్కల చేన్లలో లేవు. నా చిన్నతనంలో నాలుగెకరాలున్న ప్రతి రైతు ఇంటి ముందర జత ఎడ్లుండేవి. ఇవ్వాళ ఊరంతా తిరిగినా అరక కట్టే జత దొరకడం కష్టం. దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది, ధాన్యం ఐకేపీ సెంటరుకు చేర్చేది ట్రాలీ. ఎద్దు గడ్డి తిని దున్నింది. ట్రాక్టరు డీజిలు తాగి దున్నుతున్నది. గడ్డి మన ఒడ్డు మీదనే పెరిగేది. మరి డీజిలు ఎక్కడి నుంచి వస్తున్నది?

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాల నుంచి కొంటున్నదే. ఇరాక్, సౌదీ, ఎమిరేట్స్ మనకు పెద్ద అమ్మకందార్లు. 2022 తర్వాత రష్యా కూడా వాటి సరసన చేరింది. ఇందులో ఎడారి దేశాల పేర్లు సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల, నిర్మల్ పల్లెలకు కొత్త కాదు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఏజెంటు చేతిలో పోసి, మన పిల్లలు పోయేది ఆ దేశాలకే. అక్కడి నుంచి నూనె వస్తున్నది, ఇక్కడి నుంచి మనుషులు పోతున్నారు. నూనె మీద లాభం కంపెనీలది, పన్ను సర్కార్లది. రెండు దిక్కులా ఎండలో మాడేది మాత్రం మన పిల్లలే.

మడి గట్టుకు వచ్చిన యుద్ధం

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయింది. ఏప్రిల్ నాటికి హైదరాబాదులో లీటరు డీజిలు 105 రూపాయలు దాటింది. మన జిల్లాలో ఎంతమంది ఆ యుద్ధం సంగతి చదివారో గాని, అందరూ దాని ఖర్చు కట్టారు. ట్రాక్టరు కిరాయి పెరిగింది, కోత మిషను గంట కిరాయి పెరిగింది. రైతు ఏమన్నాడు? "అన్నీ పెరిగినయి, ఇగ కైకిలి ఎక్కడ పెంచాలె?" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ పెరిగిన ప్రతి ఖర్చూ చివరికి వచ్చి ఆగేది అడగలేనివాని కూలి దగ్గరనే.

నాటు కాలంలో మన ఆడవాళ్లు ఊరు దాటి పది పదిహేను కిలోమీటర్లు ఆటో ట్రాలీల్లో పనికి పోతారు. ఆటో కిరాయి కూలిలోంచే కోత. మా సంఘం మీటింగులో ఒక అక్క లేచి చెప్పిన లెక్క నేను మరువలేదు. "కైకిలి యాభై పెరిగిందని సంబురపడ్డం అన్నా, ఆటో ముప్పై పెంచిండు" అన్నది. చమురు రాజకీయం మీద పది పుస్తకాలు చదివినా ఇంత సూటిగా బోధపడదు.

డీజిలుతోనే ఆగలేదు. యూరియా సంగతి చూడండి. రామగుండంలో 1980లో మొదలయిన పాత ఎరువుల కర్మాగారం సింగరేణి బొగ్గుతో యూరియా తయారుచేసింది. అది 1999లో మూతబడింది. దాని స్థానంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం పైపులైన్లో వచ్చే గ్యాసుతో నడుస్తుంది. దేశంలోని యూరియా కర్మాగారాలు వాడే గ్యాసులో పెద్ద భాగం ఓడల్లో దిగుమతి అవుతున్నదే. ఇవి చాలక తయారైన యూరియాను కూడా బయటి నుంచి తెస్తున్నారు. 2025 వానాకాలంలో ఓడలు ఆలస్యమయ్యేసరికి తెలంగాణ రైతు తెల్లవారుజామునే సొసైటీ ముందర చెప్పులు వరుసలో పెట్టి నిలబడవలసి వచ్చింది.

బొగ్గుకు కొదవ లేని రాష్ట్రానికి కూడా ఈ బెడద తప్పలేదు. 2022 వేసవిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల కరంటు కంపెనీలను నూటికి పది పాళ్లు విదేశీ బొగ్గు కొని కలపమని ఒత్తిడి చేసింది. విదేశీ బొగ్గు ధర దేశంలో తవ్విన బొగ్గు ధరకు ఎన్నో రెట్లు. పక్కనే సింగరేణి పెట్టుకొని సముద్రం అవతలి బొగ్గు కొనమనడం ఎవరి లాభానికో వేరే చెప్పనక్కరలేదు.

ఇది పట్నపోళ్ల ముచ్చట కాదు

దిగుమతి ఖర్చు ఒక ఎత్తు. తగలబెట్టినదాని ఫలితం మరో ఎత్తు. బొగ్గు, డీజిలు, గ్యాసు - ఏది కాల్చినా బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో చేరుతుంది. భూమికి ఇప్పటికే ఒక గొంగడి వుంది. దాని మీద మరో గొంగడి కప్పినట్టు అవుతున్నది. లోపలి వేడి బయటకు పోవడం లేదు. వాతావరణ మార్పు అంటే ఇదే.

ఇది చదువుకున్నవాళ్లు, పట్నపోళ్లు మాట్లాడుకొనే ముచ్చట అని మన కార్యకర్తల్లో కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. వాళ్లను మే నెలలో ఉపాధి హామీ పనికాడికి రమ్మంటాను. 45 డిగ్రీల ఎండలో మట్టి తవ్వే మనిషికి చెట్టు నీడ లేదు, చల్లటి నీళ్లు లేవు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామన్నది. మంచిదే. కానీ మనిషి వడదెబ్బకే పోయాడని నిరూపించే పని ఏ కాగితమూ లేని కూలి కుటుంబం మీదనే పడుతున్నది.

వానల తీరూ మారింది. 2023 మార్చిలో వడగండ్లు కరీంనగర్ పల్లెల్లో చేతికొచ్చిన పంటను రాల్చాయి. అదే ఏడు జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. కడెం ప్రాజెక్టు 2022లోనూ 2023లోనూ తెగుతుందేమోనని ఆదిలాబాదు పల్లెలు గుండె చేత పట్టుకొని కూర్చున్నాయి. 2025 ఆగస్టులో మన గంభీరావుపేట మండలం నర్మాల కాడ ఎగువ మానేరు వరదలో చిక్కిన రైతులను సైనిక హెలికాప్టరు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. పంట పోయిన రైతుకు ఎంతో కొంత నష్టపరిహారం అందుతుంది. ఆ పంటలో దొరకవలసిన పది రోజుల కోత, కుప్ప, తూర్పార పని పోయిన కూలీకి పైసా లేదు. ఆ పని దినాల లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

దీనికి కారకులు ఎవరు? ఒక అమెరికా మనిషి వంతుకు ఏడాదికి దాదాపు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తే, మన దేశంలో మనిషికి దాదాపు 2 టన్నులు వస్తుంది. ఆ రెండు టన్నుల్లోనూ కైకిలి మనిషి వంతు ఎంత? రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఏడాదికి నాలుగైదు గ్యాసు బండలు. ధనిక దేశాలు నూరేళ్లకు పైగా కాల్చి సంపద పోగుచేసుకున్నాయి. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు పారిస్ ఒప్పందం నుంచి రెండవసారి తప్పుకుంటున్నామని సంతకం పెట్టాడు. ముందు ఆ బాకీ వాళ్లు తీర్చాలని అడగవలసిందే. అయితే వాళ్లు తీర్చేదాకా మనం కదలకుండా కూర్చుంటే, ఎండ మన నెత్తి మీద పడకుండా ఆగదు. అందుకే సూర్యుడి వైపు, గాలి వైపు మళ్లడం మన అవసరం కూడా. మళ్లాలా వద్దా అన్నది తేలిపోయిన ప్రశ్న. ఎవరి చేతుల మీదుగా మళ్లాలన్నదే ఇప్పుడు తేలవలసినది.

రామగుండం చెప్పే రెండు పాఠాలు

రామగుండంలో 1983లో మొదలయిన ఎన్టీపీసీ కేంద్రం 2600 మెగావాట్లది. దాని పక్కనే 1600 మెగావాట్ల కొత్త కేంద్రం 2023, 2024లలో వచ్చింది. మన బాయికాడ మోటరు తిరిగేది చాలావరకు ఈ బొగ్గు కరంటుతోనే. దేశమంతటా తయారయ్యే కరంటులోనూ నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గుదే.

అదే రామగుండంలో 2022 జూలై నుంచి 100 మెగావాట్ల సౌర కేంద్రం పూర్తిగా నడుస్తున్నది. పలకలన్నీ ఎన్టీపీసీ జలాశయం నీళ్ల మీదనే తేలుతున్నాయి, దాదాపు 500 ఎకరాల మేర. దాని కోసం ఏ రైతు భూమీ పోలేదు, ఏ కూలీ పనీ పోలేదు. పైగా నీడ పడి నీళ్లు ఆవిరయ్యేది కూడా తగ్గుతుంది. ఇది మొదటి పాఠం. మనసు పెడితే పంట భూమి ముట్టకుండా సూర్యుడి కరంటు తీయవచ్చు. మన మిడ్ మానేరు మీద కూడా వేద్దామని రేపు ఎవరైనా అనవచ్చు. వేయండి, కానీ ఆ నీళ్ల కింద పన్నెండు ఊళ్లున్నాయి. ఆ ముంపు జనానికి, ఆ నీళ్లలో చేపలు పట్టి బతికే ముదిరాజ్, బెస్త కుటుంబాలకు అందులో ముందు హక్కు రాసి వేయండి.

రెండో పాఠం బొగ్గు బాయిలది. 1990లలో లక్ష దాటి వున్న సింగరేణి పర్మినెంటు కార్మికులు ఇవ్వాళ అందులో సగం కూడా లేరు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, పర్మినెంటు స్థానంలో కాంట్రాక్టు వచ్చింది. 1971లో మొదలయిన రామగుండం బి థర్మల్ కేంద్రం 2024లో మూతబడింది. రేపు మరిన్ని మూతబడతాయి. వాతావరణం పేరు చెప్పి బొగ్గు కార్మికుణ్ని, బూడిద ఎత్తే కాంట్రాక్టు మనిషిని వీధిన పడేస్తే రైతు కూలీలు చూస్తూ ఊరుకోవడం ధర్మం కాదు. మూసే ప్రతి కేంద్రానికి ముందు అక్కడి మనిషికి పని చూపించాలి.

పలకల కింద ఎవరి భూమి?

ఇప్పుడు అసలు ప్రమాదం సంగతి. కర్ణాటకలో, అనంతపురం సరిహద్దుకు ఆనుకొని పావగడ దగ్గర 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల సౌర పార్కు పెట్టారు. భూమి కొనలేదు, ఎకరానికి ఏటా 21 వేల రూపాయల కౌలు నిర్ణయించారు. కరువు సీమలో భూమి వున్నవానికి అది మేలే. మరి ఆ భూముల్లో కలుపు తీసి, కాయలు ఏరి బతికిన భూమి లేనివానికి? గొర్రెలు మేపుకొన్నవానికి? కౌలుపత్రంలో వాళ్ల పేరు లేదు. అనంతపురం ఎన్‌.పి.కుంట సౌర పార్కు కాడ పట్టా లేకుండా ఏండ్ల తరబడి సాగుచేసుకున్న పేదలు పరిహారం కోసం ఆందోళనలు చేయవలసి వచ్చింది.

మా దిక్కు ఒక ఊరికి కూడా ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పట్నంలో వుండే పట్టాదారులతో ముందే మాట్లాడుకొని వచ్చాడు. కూలీలు చుట్టూ చేరి "మాకేం పని దొరుకుతది సారూ" అని అడిగారు. "గడ్డి కోయాలె, పలకలు కడగాలె, రాత్రి కావలి వుండాలె" అన్నాడు. ఎంతమందికి అంటే నలుగురైదుగురికి అన్నాడు. ఆ భూమిలో నాటుకు, కలుపుకు, పత్తి ఏరడానికి పోయేది అరవై మంది. ఒక ముసలమ్మ నవ్వి, "సూర్యుని పట్టా గూడ దొరకే అయిందా బిడ్డా" అన్నది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

డీజిలు పోయి సూర్యుడు వచ్చినంత మాత్రాన దోపిడి పోదు. దిగుమతి కూడా పోదు. ఆ పలకల్లోని సరుకు, యంత్రాలు చాలావరకు చైనా నుంచి వస్తున్నవే. అయితే ఒక తేడా వుంది. డీజిలు ప్రతి రోజూ కొనాలి. పలక ఒకసారి కొంటే పాతికేళ్లు పనిచేస్తుంది. కనుక ఆ పలక ఎవరిదైతే పాతికేళ్ల కరంటు వానిది.

సెస్‌ను మరచిపోవద్దు

ఇక్కడ మన జిల్లాకు వున్న బలం మరే జిల్లాకూ లేదు. మా నాయన మోట కొట్టినవాడు. తెల్లవారకముందే ఎడ్లను కట్టి, ఎండ ముదిరే దాకా పది గుంటలు తడిపేవాడు. 1970లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం - మనం సెస్ అంటున్నది - ఏర్పడ్డాకనే మా ఊళ్లకు కరంటు మోటరు వచ్చింది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో మొట్టమొదట పెట్టించిన అయిదు సహకార సంఘాల్లో అది ఒకటి. మహారాష్ట్రలో ముళా ప్రవర సంఘం 2011లో చేజారిపోయింది. మనది నిలిచింది. అర్ధ శతాబ్దం దాటినా మన జిల్లాలో కరంటు పంచేది కంపెనీ కాదు, వాటాదార్లు ఓటు వేసి ఎన్నుకొనే సంఘం. 2022 డిసెంబరులో దాని ఎన్నికలకు పెద్ద పార్టీలన్నీ అసెంబ్లీ ఎన్నికలంత పట్టుదలగా దిగాయంటే దాని విలువ వాళ్లకు తెలుసు. మనకే తెలియాలి.

సెస్ చేస్తున్నది ఏమిటి? ఉత్తర మండల పంపిణీ సంస్థ నుంచి కరంటు కొని మనకు పంచుతున్నది. పంచే సంఘమే తయారుచేసే సంఘం ఎందుకు కాకూడదు? లెక్క కష్టమైనది కాదు. ఒక మెగావాటు సౌర కేంద్రానికి నాలుగైదు ఎకరాలు చాలు. ఏడాదికి 15 లక్షల యూనిట్ల దాకా వస్తుంది. అయిదు హార్సుపవరు మోటరు గంటకు నాలుగు యూనిట్ల లోపు తాగుతుంది. రెండు పంటలకు కలిపి 1200 గంటలు నడిచినా 4500 యూనిట్లు దాటదు. అంటే ఒక మెగావాటు కేంద్రం ఏడాది లెక్కన 300కు పైగా మోటర్లకు సరిపోతుంది. ఊరి సబ్‌స్టేషను పక్కన, రాళ్లగుట్ట కింది పనికిరాని జాగాలో దీన్ని పెట్టవచ్చు.

ఇది కలగన్న మాట కాదు. గుజరాత్ ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో చిన్న రైతులు సౌర మోటర్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పొలం పారించుకోగా మిగిలిన కరంటు అమ్ముకున్నారు. మిగిలిస్తే పైసలొస్తాయి గనుక భూమిలోని నీళ్లు వృథాగా తోడవలసిన పని తప్పింది. మహారాష్ట్రలో 2017 నుంచి వ్యవసాయ ఫీడర్లనే పగటిపూట సౌర కరంటుతో నడిపే పథకం వుంది. 2019 నాటి కేంద్ర కుసుం పథకంలో రెండు మెగావాట్ల దాకా కేంద్రాలు పెట్టే అవకాశం సహకార సంఘాలకు, పంచాయతీలకు కూడా ఇచ్చారు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాల చేత 1000 మెగావాట్ల సౌర కేంద్రాలు పెట్టిస్తామని ప్రకటించింది. కాగితం మీద తలుపు తెరిచే వుంది. ఆ తలుపులోంచి మహిళా సంఘం పేరుతో కాంట్రాక్టరు లోపలికి పోకుండా చూడవలసిన బాధ్యత మనది.

రాత్రిపూట సూర్యుడు ఎట్లా అని అడుగుతారు. ఇళ్లకు, మగ్గాలకు రాత్రి కరంటు కావాలి. దాచిపెట్టే బ్యాటరీలు సరిపోను వచ్చేదాకా బొగ్గు కేంద్రాలు కొన్ని నడవక తప్పదు. కానీ పొలానికి కావలసింది పగటి కరంటే. రాత్రి కరంటు కాలంలో మోటరు పెట్టబోయి పాము కరిచి, షాకు కొట్టి ఎందరు పోయారో ప్రతి ఊరికీ తెలుసు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును ఎదిరించి ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం తర్వాతనే 2004లో ఉచిత కరంటు వచ్చింది. సౌర కరంటు సాకుతో ఉచిత కరంటుకు మీటరు బిగించే ఎత్తు ఎవరు వేసినా దాన్ని సాగనివ్వకూడదు.

మనం అడగవలసినది

రైతు సంఘాలు ఇప్పటికే సబ్సిడీ మోటర్ల గురించి అడుగుతున్నాయి. అడగవలసిందే. కానీ బాయి లేనివాడు సౌర మోటరును ఏం చేసుకుంటాడు? 2024లో వచ్చిన ఇంటిమీది సౌర పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వుంది. స్లాబు లేని రేకుల ఇంటివాడు, కిరాయి ఇంట్లో వుండేవాడు ఆ పలకను ఎక్కడ పెట్టుకుంటాడు? కనుక కూలీల తరఫున మన కోర్కెలు మనమే రాసుకోవాలి.

సెస్ తన సొంత సౌర కేంద్రాలు పెట్టాలి, వాటిలో భూమి లేని సభ్యులకు కూడా వాటా వుండాలి. దళితుల అసైన్డు భూములను, సాగులో వున్న భూములను కంపెనీలకు కౌలుకు ఇవ్వరాదు. ఎక్కడ భూమి పోయినా, పట్టాదారుకు కౌలు ఇచ్చినట్టే ఆ భూమి మీద బతికిన కూలీకి, కౌలుదారుకు పోయిన పని దినాల పరిహారం లెక్కగట్టాలి. పలకలు బిగించే, బాగుచేసే పని నేర్పి మన పిల్లలకే ముందు ఉద్యోగాలివ్వాలి. ఈ పని ఊళ్లోనే దొరికితే మరో దుబాయి ఏజెంటు గడప తొక్కనక్కరలేదు. ఎండకాలంలో ఉపాధి పని పొద్దున పది గంటలలోపే ముగించి పూర్తి కూలి కట్టాలి.

వచ్చే నెలలో ప్రతి ఊరి సంఘం రెండు పనులు చేయాలి. ఊళ్లో కరంటు మీటరుండి కూడా సెస్‌లో వాటా లేని కూలి కుటుంబాల పేర్లు రాసి, వాళ్లను సభ్యులుగా చేర్పించే పని మొదలుపెట్టాలి. ఊరి చుట్టూ సౌర కంపెనీలు అడుగుతున్న భూములేవో, వాటిలో ఎంతమంది పనికి పోతున్నారో లెక్క తీయాలి. ఆ లెక్కలు చేతిలో వుంటేనే సర్వసభ్య సమావేశంలో మన మాట చెల్లుతుంది.

ఎండ ఎప్పుడూ మనదే. ఆ ఎండలో పుట్టే కరంటు కూడా మనది కావాలి.